గూడు ముందా, కోర్సు ముందా?

2013 ఆగస్టులో న్యూయార్క్‌లో ఒక యువ ప్రోగ్రామర్, తాను రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలో కనిపించే ఇల్లు లేని మనిషితో ఒక బేరం పెట్టాడు. వంద డాలర్లు కావాలంటే ఇప్పుడే ఇస్తాను, లేదంటే లాప్‌టాప్, జావాస్క్రిప్ట్ పుస్తకాలు ఇచ్చి రోజుకో గంట కోడింగ్ నేర్పుతాను అన్నాడు. అవతలి మనిషి కోడింగే నేర్చుకుంటానన్నాడు. డిసెంబరు కల్లా ఒకే దారిలో వెళ్ళేవాళ్ళు ఒకే కారులో ప్రయాణించేందుకు పనికొచ్చే 'ట్రీస్ ఫర్ కార్స్' అనే యాప్ తయారుచేశాడు. టీవీలు, పత్రికలు ఎగబడ్డాయి. 2014 మధ్యకు వచ్చేసరికి యాప్ మూతపడింది, చేసిన మనిషి ఇంకా వీధిలోనే పడుకుంటున్నాడు. అతను నేర్చుకున్నదీ నిజమే, యాప్ పనిచేసిందీ నిజమే. రాత్రి తలదాచుకునే చోటు సంగతి మాత్రం ఆ బేరంలో ఎక్కడా లేదు.

అంతకు ముందు ఏడాది, 2012 మార్చిలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో జరిగిన సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవంలో ఒక ప్రకటనల సంస్థ మరో ఆలోచన చేసింది. స్థానిక షెల్టర్‌లో ఉంటున్న పదమూడు మందికి వైఫై పరికరాలిచ్చి జనం మధ్యలో నిలబెట్టింది. 'నేను ఫలానా, నేనొక 4జీ హాట్‌స్పాట్‌ని' అని వారి టీషర్టుల మీద రాయించింది. రోజుకు ఇరవై డాలర్లు, పైన వాడుకున్నవాళ్ళు ఇచ్చినంత. మనుషుల్ని స్తంభాలుగా నిలబెడతారా అని పెద్ద రచ్చ జరిగింది. నిలబడ్డవారిలో కొందరికి మాత్రం ఆ డబ్బూ నచ్చింది, నాలుగు మాటలు మాట్లాడే మనుషులు దొరకడమూ నచ్చింది. ఈ రెండు కథలనూ విడ్డూరాలని పక్కన పెట్టేయకూడదు. నిరాశ్రయుల కోసం టెక్నాలజీ, నైపుణ్య శిక్షణ అంటూ గత పదిహేనేళ్ళలో ప్రపంచమంతటా వచ్చిన పథకాల్లో చాలావాటికి ఇదే వరస. మనిషికి ఏదో రాదు కాబట్టి వీధిలో ఉన్నాడని మొదట అనుకుంటారు. ఆ రానిదాన్ని నేర్పడానికి బయల్దేరతారు. మన దేశంలో ఈ అంచనా ఇంకా పెద్ద పొరపాటు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షలు. అందులో 9.38 లక్షల మంది పట్టణాల్లో ఉన్నారు. 2001తో పోలిస్తే పల్లెల్లో సంఖ్య తగ్గింది, పట్టణాల్లో ఇరవై శాతం పెరిగింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.45 లక్షలు. ఫుట్‌పాత్‌లు, హ్యూమ్ పైపులు, ఫ్లైఓవర్ల కింది నీడ, మెట్ల కింది ఖాళీ, గుడి మండపాలు, రైల్వే ప్లాట్‌ఫారాలు, ఇలా ఎక్కడెక్కడ పడుకుంటారో అక్కడికి వెళ్ళి ఒకే ఒక్క రాత్రి, 2011 ఫిబ్రవరి 28న, లెక్కపెట్టారు. ఆ రాత్రి ఏ పెళ్ళి వంటలకో పోయినవాడు, ఏ లారీ మీదో ఉన్నవాడు లెక్కకు అందడు. అసలు సంఖ్య ఇంతకన్నా చాలా ఎక్కువని ఈ రంగంలో పనిచేసేవాళ్ళందరూ చెబుతారు.

పెళ్ళి వంటలు అన్నాను కదా, అక్కడే అసలు విషయముంది. హైదరాబాద్‌లో నాంపల్లి, సికింద్రాబాద్ స్టేషన్ల చుట్టూ రాత్రిళ్ళు పడుకునేవాళ్ళలో చాలామంది పనివాళ్ళే. ఫంక్షన్ హాళ్ళలో వడ్డన, గిన్నెలు తోమడం, టెంట్ హౌస్ సామాను ఎత్తి దించడం, హమాలీ, చెత్త ఏరడం, అడ్డా మీద నిలబడి ఆ రోజుకు దొరికిన పని. పెళ్ళిళ్ళ సీజన్‌లో అర్ధరాత్రి దాకా చాకిరీ, మూఢం వచ్చిందంటే పస్తు. 1985లో ఓల్గా టెలిస్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ళు అక్కడ ఉండేది పనికి దగ్గరగా ఉండటానికేనని, అక్కడి నుంచి తరిమేస్తే జీవనోపాధి పోతుందని, జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. అయినా, నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చని కూడా అదే తీర్పు అంది. తీర్పులోని మొదటి సగాన్ని పాఠ్యపుస్తకాలు గుర్తుపెట్టుకున్నాయి, రెండో సగం మున్సిపాలిటీలకు బాగా గుర్తుంది.

ఇక్కడ పని ఉంది, ఇల్లు లేదు. దాచుకోవడానికి చోటు లేదు కాబట్టి కూలి డబ్బులు నిలవవు. ఫోను రాత్రికి రాత్రే పోతుంది. మాసిన బట్టల్లో వెళితే మరుసటి రోజు పని దొరకదు. ఈ మనిషికి మూడు నెలల కోర్సు ఇస్తామంటే అతను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఆ మూడు నెలలూ తిండెట్లా?

సర్కారు వైపు నుంచి ఏం జరిగిందో చూద్దాం. 2010 జనవరి చలికాలంలో ఢిల్లీలో వీధుల్లో చావులు జరుగుతున్నాయని ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ కోర్టుకు లేఖ రాశారు. ఆ తర్వాతి ఉత్తర్వుల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా, రోజంతా తెరిచి ఉండాలని కోర్టు చెప్పింది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ వచ్చింది. ఒకే గొడుగు కింద షెల్టర్లూ ఉండేవి, నైపుణ్య శిక్షణా ఉండేది. కాగితం మీద ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఉండదు. షెల్టర్‌లో మనిషికి యాభై చదరపు అడుగుల చోటు, మంచం, నీళ్ళు, మరుగుదొడ్డి, పక్కనే శిక్షణ, ఆపైన ఉద్యోగం. అమలులో ఈ రెండూ వేర్వేరు ఫైళ్ళయ్యాయి. శిక్షణ ఇచ్చే కేంద్రానికి ఎందరికి సర్టిఫికెట్ ఇచ్చిందన్నదే లెక్క. క్రమం తప్పకుండా హాజరయ్యే బస్తీ పిల్లలుండగా, ఎప్పుడు వస్తాడో తెలియని ఫుట్‌పాత్ మనిషిని చేర్చుకుని తన లెక్క ఎందుకు చెడగొట్టుకుంటుంది? షెల్టర్ల డబ్బు రాష్ట్రాల్లో ఖర్చు కాకుండా మిగిలిపోతోందని తేలాక, 2016లో ఢిల్లీ హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కైలాష్ గంభీర్ ఆధ్వర్యంలో సుప్రీంకోర్టు ఒక కమిటీ వేయాల్సి వచ్చింది. మిషన్ వచ్చిన పదేళ్ళ తర్వాత చూస్తే దేశమంతటా పనిచేస్తున్న షెల్టర్లు రెండు వేలకు అటూ ఇటూ, వాటిలో చోటు లక్ష పైచిలుకు మందికి. పట్టణాల్లో ఇల్లు లేనివారు 2011లోనే తొమ్మిది లక్షలు దాటారు.

హైదరాబాద్‌లో కొన్ని షెల్టర్లను నిలోఫర్ వంటి పెద్దాసుపత్రుల దగ్గర, రోగుల వెంట ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ కోసం నడుపుతున్నారు. అది అవసరమైన పనే, కాదనను. కానీ రోగి బంధువు వారం రోజుల్లో ఊరెళ్ళిపోతాడు. ఏళ్ళ తరబడి ఫుట్‌పాత్ మీద ఉన్నవాడి అవసరం వేరు, ఆ ఇద్దరినీ ఒకే పద్దులో చూపిస్తే షెల్టర్లు నిండినట్టు కనిపిస్తాయి, వీధులు మాత్రం ఖాళీ కావు.

ఇక టెక్నాలజీ. మన దేశంలో నిరాశ్రయుడికి టెక్నాలజీ ఎదురయ్యేది కోడింగ్ క్లాసు రూపంలో కాదు, ఆధార్ రూపంలో, ఓటీపీ రూపంలో. 2018 జనవరిలో జస్టిస్ మదన్ బి. లోకూర్ ధర్మాసనం షెల్టర్ల కేసు వింటూ, ఇల్లే లేనివాడికి ఆధార్ ఏ చిరునామాతో ఇస్తారని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని అడిగింది. ఆధార్ లేనివాళ్ళు ప్రభుత్వం దృష్టిలో అసలు ఉన్నట్టా లేనట్టా అనీ ప్రశ్నించింది. నిబంధనల్లో దారి లేకపోలేదు. గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకులు ధ్రువపత్రం ఇస్తే నమోదు చేస్తారు. అంటే షెల్టర్‌లో చోటు దొరికితేనే కార్డు. కొన్నిచోట్ల కార్డు చూపిస్తేనే షెల్టర్‌లో చోటు.

కార్డు వచ్చిందే అనుకుందాం. ఇటుకలు మోసీ, గిన్నెలు తోమీ అరిగిపోయిన వేళ్ళ ముద్రలు యంత్రంలో పడవు. 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికుల కోసం మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో సొంతంగా నమోదు కావాలంటే ఆధార్‌కు జతైన ఫోన్ నంబరు కావాలి. ఫోను పోయిందంటే నంబరు పోయినట్టే. నెలల తరబడి వాడకపోతే సిమ్ ఆగిపోతుంది, ఆ నంబరు ఇంకెవరికో వెళ్ళిపోతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి ఓటీపీ ముక్కూ ముఖం తెలియని మనిషి చేతిలో మోగుతుంది. బ్యాంకు ఖాతా, రేషన్, శిక్షణ భృతి అన్నీ ఆ ఒక్క నంబరుకే వేలాడుతుంటాయి. నా లెక్కలో నిరాశ్రయుల విషయంలో డిజిటల్ పాలన చేసిన అతి పెద్ద పొరపాటు ఇదే. పోయే వస్తువు మీద మనిషి ఉనికిని నిలబెట్టింది.

ఇందుకు పూర్తి భిన్నమైన పద్ధతి మన ఎన్నికల సంఘం దగ్గరే ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇల్లు లేని మనిషి ఓటరుగా చేరాలంటే ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే చాలు. బూత్ లెవెల్ ఆఫీసరు రాత్రిపూట ఆ చోటికి వెళ్ళి, ఒకటికి మించి రాత్రులు చూసి, అతను నిజంగా అక్కడే పడుకుంటున్నాడని నిర్ధారించుకుంటే చిరునామాకు మరే కాగితమూ అడగకూడదు. యాప్ లేదు, వేలిముద్ర లేదు, ఓటీపీ లేదు. ఒక ఉద్యోగి రాత్రి బయల్దేరి వెళ్ళాలి, అంతే. ఎన్నిచోట్ల వెళ్ళారన్నది వేరే ప్రశ్న. కానీ మనిషి కాగితం తెచ్చుకోవాలనే బదులు ప్రభుత్వమే మనిషి దగ్గరికి వెళ్ళాలన్న సూత్రం అందులో ఉంది. ఆధార్‌కూ, రేషన్‌కూ ఇదే పద్ధతి ఎందుకు పెట్టరో అర్థం కాదు.

ముఖాన్ని పోల్చే టెక్నాలజీది రెండు వైపులా పదునున్న కత్తి. 2018లో తెలంగాణ పోలీసులు 'దర్పణ్' అనే ముఖ గుర్తింపు సాధనం తెచ్చారు. దేశంలో తప్పిపోయిన పిల్లల ఫొటోలను, వివిధ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల ఫొటోలతో పోల్చి చూస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో 2015లో తప్పిపోయిన ఒక పిల్లవాడు అస్సాంలో ఒక ఆశ్రమంలో ఉన్నాడని 2019లో దీని ద్వారానే తెలిసింది. ఆ ఒక్క కుటుంబాన్ని తలుచుకున్నా ఈ సాధనాన్ని కొట్టిపారేయలేం. అయితే అదే కెమెరా, అదే పోలిక హైదరాబాద్ రోడ్ల మీద అందరి ముఖాల మీదికీ తిరిగినప్పుడు వ్యవహారం హైకోర్టుకు వెళ్ళింది. వీధినే ఇల్లు చేసుకున్నవాడు కెమెరా నుంచి తప్పుకుని ఏ గదిలోకి వెళ్ళాలి?

అమెరికా అనుభవం ఈ భయానికి ఆధారాలు ఇస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో ఇళ్ళు తక్కువ, అడిగేవాళ్ళు వేలల్లో. ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చడానికి ఒక ప్రశ్నావళి పెట్టి, జవాబుల్ని బట్టి సున్నా నుంచి పదిహేడు దాకా మార్కులు వేశారు. జైలుకు వెళ్ళావా, మత్తుమందు వాడావా, ఒళ్ళమ్ముకోవాల్సి వచ్చిందా లాంటివన్నీ అడుగుతారు. ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్ళకు ఎక్కువ మార్కులు, వాళ్ళకే ముందు ఇల్లు. వర్జీనియా యూబ్యాంక్స్ 2018లో రాసిన 'ఆటోమేటింగ్ ఇనీక్వాలిటీ' పుస్తకంలో ఈ వ్యవస్థ లోపలికి వెళ్ళి చూశారు. ఇల్లు దొరుకుతుందన్న ఆశతో జనం తమ బతుకులోని అతి రహస్యమైన సంగతులు చెబుతారు, ఇల్లు దొరకని వేలమంది వివరాలు డేటాబేస్‌లో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. మార్కుల పద్ధతి నల్లజాతివారికి నష్టం చేస్తోందన్న అధ్యయనాలు కూడా వచ్చాయి. చివరకు ఆ ప్రశ్నావళి తయారీలో భాగమున్న సంస్థే 2020 చివర్లో దాన్ని దశలవారీగా ఆపేస్తామని ప్రకటించింది. ఇళ్ళే లేనప్పుడు వరుసను ఎంత తెలివిగా నిలబెట్టినా వరుస కదలదు.

మన దగ్గర శిక్షణ పేరుతో జరిగిన మరో ప్రయోగాన్ని కూడా చెప్పుకోవాలి. 2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఇవాంకా ట్రంప్ వచ్చారు. అందుకు కొన్ని వారాల ముందే నగరంలో భిక్షాటనను నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చి, దొరికినవాళ్ళను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని ఆనందాశ్రమాలకు తరలించారు. జైళ్ళ శాఖ తిండి పెట్టింది, వైద్యం చేయించింది, పని నేర్పిస్తామంది. చాలామందిని మళ్ళీ అడుక్కోబోమని రాయించుకుని పంపేశారు. జైళ్ళ శాఖ అధికారుల్లో నిజంగా మంచి చేయాలనుకున్నవాళ్ళు ఉన్నారని ఒప్పుకోవాలి. కానీ పట్టుకొచ్చి ఇచ్చిన శిక్షణకు, అడిగి తీసుకున్న శిక్షణకు పోలికే లేదు. ఆ తర్వాత 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు భిక్షాటనను నేరంగా చూసే నిబంధనల్ని ఢిల్లీ వరకూ కొట్టేసింది. 2021లో సుప్రీంకోర్టు, వేరే దారి లేకనే జనం అడుక్కుంటారని, రోడ్ల మీద వాళ్ళు కనబడకూడదనే ఉన్నతవర్గాల చూపును తాము తీసుకోబోమని అంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం 'స్మైల్' పథకం తెచ్చింది. సర్వే, షెల్టర్, చికిత్స, పని నేర్పడం వరుసగా అందులో ఉన్నాయి, ఎంపికైన పట్టణాల్లో విజయవాడా ఒకటి. తెలంగాణలో, ఆంధ్రలో 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉంది. ఒక చేత్తో పునరావాసం, రెండో చేత్తో లాఠీ పట్టుకుంటే సర్వేకు వచ్చినవాళ్ళను చూసి జనం పారిపోతారు. ఇందులో ఆశ్చర్యమేముంది?

మరి ఫలితమిచ్చింది ఏది? ఈ ప్రశ్నకు లెక్కలతో జవాబు చెప్పిన దేశాలున్నాయి. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త క్రమాన్ని తలకిందులు చేశాడు. ముందు తాగుడు మానాలి, మందులు వేసుకోవాలి, పనికి వెళ్ళాలి, అప్పుడు ఇల్లు అన్నది అంతవరకూ పద్ధతి. ముందు ఇల్లు ఇచ్చేద్దాం, మిగతావి తర్వాత చూద్దాం అన్నాడు. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్నే దేశ విధానం చేసుకుంది. హెల్సింకిలో సాల్వేషన్ ఆర్మీ వారి 250 పడకల షెల్టర్‌ను 81 ఫ్లాట్లుగా మార్చేశారు. అద్దె ఒప్పందం మనిషి పేరు మీదే ఉంటుంది, తాళంచెవి అతని జేబులోనే ఉంటుంది. 1980ల చివర్లో ఆ దేశంలో ఇల్లు లేనివారు 18 వేలకు పైనే, 2023 నాటికి 3,400 చిల్లర. అయితే 2024లో ఆ సంఖ్య మళ్ళీ కాస్త పెరిగింది.

కెనడాలో 2009 నుంచి ఐదు నగరాల్లో రెండు వేలకు పైగా మందితో పెద్ద పరీక్ష జరిగింది. ముందు ఇల్లు పొందినవాళ్ళు రెండేళ్ళలో 73 శాతం కాలం స్థిరమైన ఇంట్లో ఉన్నారు, పాత పద్ధతిలో ఉన్నవాళ్ళు 32 శాతం. ఇల్లు వస్తే ఉద్యోగం తనంతట తానే వస్తుందా అంటే, రాలేదు. ఉద్యోగాల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. 'ముందు ఇల్లు' వాదులు ఈ సంగతి కాస్త మెల్లగా చెబుతారు. ఇల్లు మనిషిని నిలబెడుతుంది. పని విషయం విడిగా, పక్కనే ఉండి చూసుకోవాలి.

వాంకూవర్‌లో 2018లో మొదలైన మరో పరీక్ష ఇంకా సూటిగా ఉంది. యాభై మందికి ఒకేసారి 7,500 కెనడా డాలర్లు చేతిలో పెట్టారు. ఇంకో అరవై ఐదు మందికి ఇవ్వలేదు. ఏడాది చూస్తే, డబ్బు అందినవాళ్ళు సగటున 99 రోజులు తక్కువగా వీధిలో, షెల్టర్లలో గడిపారు. తాగుడు, మత్తు మీద ఖర్చు పెరగలేదు. తీవ్రమైన మత్తు అలవాటు, మానసిక సమస్యలు ఉన్నవాళ్ళను ముందే వేరు చేశారు కాబట్టి ఈ ఫలితం అందరికీ వర్తించదు. అయినా న్యూయార్క్ ప్రోగ్రామర్ వంద డాలర్లకు, లాప్‌టాప్‌కు మధ్య పెట్టిన బేరంలో అసలు లోపం ఎక్కడుందో దీన్ని చూస్తే తెలుస్తుంది. వంద డాలర్లు మరీ తక్కువ.

మన దేశంలో ఈ దారికి దగ్గరగా వచ్చినవి రెండు. 1993లో చెన్నైలో మొదలైన బాన్యన్ సంస్థ, మానసిక రుగ్మతతో వీధుల పాలైన స్త్రీలకు ఆశ్రయమిచ్చింది. 2015 నుంచి 'హోమ్ అగైన్' పేరుతో, ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయినవాళ్ళను ఊళ్ళో అద్దె ఇళ్ళల్లో నలుగురైదుగురిగా ఉంచుతోంది. వంట వాళ్ళదే, ఇరుగుపొరుగూ వాళ్ళదే. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఇలాంటి మనుషులు లేరా?

రెండోది పుణె. 1993లో చెత్త ఏరుకునేవాళ్ళు ఒక సంఘంగా ఏర్పడ్డారు. అందరూ ఇల్లు లేనివాళ్ళు కాదు, చాలామంది బస్తీల్లోని దళిత స్త్రీలు. కానీ వారి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. వాళ్ళకు ఎవరూ కొత్త విద్య నేర్పలేదు. వాళ్ళకు వచ్చిన పనికే గుర్తింపు అడిగారు. 1996లో నగరపాలక సంస్థ గుర్తింపు కార్డులకు ఆమోదం తెలిపింది. 2008లో వాళ్ళ సొంత సహకార సంస్థ 'స్వచ్ఛ్' ఇంటింటి చెత్త సేకరణ ఒప్పందం దక్కించుకుంది. కార్డు లేనప్పుడు దొంగలని పోలీసులు పట్టుకున్న మనుషులే ఆ తర్వాత అపార్ట్‌మెంట్ల లోపలికి వెళ్ళి నెలనెలా రుసుము వసూలు చేశారు. కేటరింగ్ కూలీలకు, హమాలీలకు మన నగరాల్లో ఇలాంటి కార్డు ఇవ్వడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. కాంట్రాక్టరు కూలి ఎగ్గొట్టినప్పుడు లేబర్ ఆఫీసులో చూపించడానికి అది చాలు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. శిక్షణ అనవసరమని అనను. ఇరవై ఏళ్ళ కుర్రాడు జీవితమంతా గిన్నెలే తోమాలా? ఎలక్ట్రీషియన్ పని, ఏసీ మెకానిక్ పని, వంట మాస్టరు పని నేర్చుకోవాలి. కానీ నేర్చుకునే రోజులకు కూలి ఇవ్వాలి, క్లాసులు అతని పనివేళలు చూసి పెట్టాలి, కోర్సు అయ్యాక కనీసం ఆరు నెలలు అతనికి గది ఉండాలి. ఈ మూడూ లేని కోర్సు శిక్షణ సంస్థకు ఆదాయం, అతనికి ఒక కాగితం. ఆ కాగితం కూడా వానకు తడుస్తుంది.

అంతకన్నా ముందు చేయాల్సినవి చాలా చవకైనవి, వాటికి శంకుస్థాపనలు ఉండవు కాబట్టే ఎవరూ చేయరు. ప్రతి షెల్టర్‌లో తాళం వేసుకునే లాకరు, ఫోను ఛార్జింగ్ పాయింటు, తెల్లవారుజామున స్నానానికి నీళ్ళు. ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు అందుకోవడానికి షెల్టర్ చిరునామా వాడుకునే హక్కు. పోయిన సిమ్‌ను అదే నంబరుతో తిరిగి ఇప్పించే ఒక మనిషి. ఫంక్షన్ హాలు నుంచి రాత్రి ఒంటిగంటకు వచ్చినవాడికి తీసే తలుపు. సుప్రీంకోర్టు రోజంతా తెరిచి ఉండాలన్నది ఇందుకే.

2027 జనగణన మన దేశంలో మొదటి డిజిటల్ జనగణన. ఎన్యూమరేటర్లు ఫోన్లలోనే వివరాలు ఎక్కిస్తారు. ఇల్లున్నవాళ్ళు తమ వివరాలు తామే నమోదు చేసుకోవచ్చు. ఇల్లు లేనివాళ్ళను మాత్రం ఎవరో వెతుక్కుంటూ వెళ్ళి లెక్కపెట్టాల్సిందే. షెల్టర్లు ఎన్ని కావాలో, వాటికి ఎంత డబ్బో రాబోయే పదేళ్ళ పాటు ఆ లెక్క మీదే తేలుతుంది. మీ వీధిలో, మీ గుడి మండపంలో, మీ బస్టాండులో రాత్రి ఎవరు పడుకుంటారో మీకు తెలుసు. లెక్కకు వచ్చిన ఎన్యూమరేటర్‌ను ఆపి ఆ చోటు చూపించండి.